అత్తయ్యకి పడిన మిషను ఓట్లు

ఆ వేసవిలో మా బిల్డింగుకి ప్రెసిడెంటు ఎన్నికలు వచ్చాయి. ఎండలూ, ఉక్కపోతా, మధ్యాహ్నం కరెంటు పోవడమూ ప్రతి ఏడూ ఉన్నవే, తిట్టుకుంటూ ఓర్చుకుంటాం. మా అత్తయ్య ఎన్నికల్లో నిలబడటం మాత్రం అదే మొదలు.

కారణం లిఫ్టు. మా బిల్డింగుకి ఐదు అంతస్తులు. లిఫ్టు రెండో అంతస్తు దాకా బుద్ధిగా వచ్చి, అక్కడ అలిగిన పిల్లలా ఆగిపోతుంది. ఏడాదిగా ఇదే వరస. ప్రెసిడెంటు గారుండేది సరిగ్గా ఆ రెండో అంతస్తులోనే. ఎప్పుడడిగినా, "లిఫ్టు బాగానే పనిచేస్తోంది కదండీ, నేను రోజూ ఎక్కుతున్నానుగా" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఒళ్లు మండేది అందుకే.

మేముండేది ఐదో అంతస్తు. మా ఎదురింట్లో టీచరమ్మ ఒక్కతే ఉంటుంది. లెక్కలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. లిఫ్టు మొరాయించినప్పటి నుంచి ఆవిడ కింద కాలు పెట్టలేదు. కూరగాయలు మా అత్తయ్య తెచ్చిపెడుతుంది. మా ఆయనకి మందుల షాపు ఉంది కాబట్టి మందులు ఆయన తెస్తాడు. ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోశారు. మూడో అంతస్తు మలుపులో కుర్చీ ఒరిగితే అక్కణ్ణించే వెనక్కి తెచ్చారు. ఆ తర్వాత ఆవిడ డాక్టరు మాటే ఎత్తలేదు.

"ఈ ఎండలు పోయేలోగా టీచరమ్మని గేటు దాకా తీసుకెళ్లకపోతే నా పేరు మార్చుకుంటా" అంది అత్తయ్య. మర్నాడే నామినేషన్ వేసింది.

ఇందులోకి నేనెలా వచ్చానంటే, అంతకుముందు నేనొక లైబ్రరీ రాసి ఉన్నాను కాబట్టి. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, వేరే ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడుకోవడానికి రాసిపెట్టిన ఒక చిన్న ప్రోగ్రాము. నెట్‌లోకి వచ్చే ప్రతి ఫోనుకీ, కంప్యూటరుకీ ఐపీ అడ్రసని ఒక నంబరుంటుంది. క్లౌడ్ పేరుతో కంప్యూటర్లు అద్దెకిచ్చే ఒక పెద్ద కంపెనీ, "ఇక్కణ్ణించి ఇక్కడి దాకా నంబర్లన్నీ మావి" అని ఒక పొడుగాటి ఫైలు అందరికీ కనబడేలా పెడుతుంది, అస్తమానం మారుస్తూనూ ఉంటుంది. నా లైబ్రరీ ఆ ఫైలు తెచ్చి దగ్గర పెట్టుకుంటుంది. ఏ నంబరిచ్చి అడిగినా, అది ఆ కంపెనీదా కాదా, వాళ్లదైతే ఏ ఊళ్లో ఉన్నది, టక్కున చెప్పేస్తుంది. అంతే దాని పని. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఎందరో దాన్ని వాడుకుంటారు. బాగా పనిచేస్తే ఒక్కరూ ఉలకరు, తేడా వస్తే మాత్రం వెతుక్కుంటూ వచ్చి తిడతారు.

వేసవి మొదట్లో అలాగే ఒక షాపాయన రాశాడు. క్లౌడ్ నంబర్ల నుంచి వచ్చేవన్నీ మనుషులు కాదు, ప్రోగ్రాములు నడిపే మిషన్లే అనుకుని తన సైటులోకి రాకుండా ఆపాడట, వాటితో పాటు కొనేవాళ్లూ ఆగిపోయారట, తప్పు నాదట. నాకు చిర్రెత్తుకొచ్చింది. "అడ్రసు ఎవరిదో చెప్పడం వరకే నా లైబ్రరీ పని. అక్కడ కూర్చున్నది మనిషో మిషనో అది చెప్పదు, మీరే చూసుకోవాలి" అని జవాబు కొట్టి, ఆయన ఫిర్యాదు మూసేశాను. ఎంత బాగా చెప్పానో అని ఆ పూటంతా నాకు నేనే మురిసిపోయాను.

ఎన్నికల మాట మాట్లాడుకోవడానికి కింద కార్లు పెట్టే చోట అందరం చేరాం. ఓటింగు ఫోన్లోనే, లింకు నొక్కి వేసేదే. అయితే కిందటేడు మా బిల్డింగులో ఉన్న మనుషుల కన్నా పడిన ఓట్లు ఎక్కువ. ఎవరో మిషను చేత వేయించారని అందరికీ తెలుసు, ఎవరో మాత్రం తేలలేదు.

"ఒక్కొక్కరికీ ఒక్కో కోడ్ ఇద్దాం, గొడవ ఉండదు" అన్నాను.

"అమ్మా, అప్పుడు ఎవరు ఎవరికి వేశారో నీకు తెలిసిపోతుంది కదా. నువ్వేమో ఆవిడ కోడలివాయె" అన్నారు ప్రెసిడెంటు గారు. ఆయన భారీ మనిషి. మెల్లగా మాట్లాడతారు కానీ ఒక్క మాటా వృథా పోనివ్వరు.

అత్తయ్యకి పౌరుషం వచ్చింది. "మా అమ్మాయి దగ్గర ఒక లైబ్రరీ ఉంది. ఏది మనిషో ఏది మిషనో ఇట్టే పట్టేస్తుంది" అంది లేచి నిలబడి.

"అత్తయ్యా, అది అలా చెప్పదు..." అని నేను అంటూనే ఉన్నాను.

"నువ్వుండమ్మాయ్. అందరూ వినండి. మిషను ఓటు నాకు పడినా సరే, తీసి అవతల పారేయాల్సిందే. ఆ రూలుకి నేను కట్టుబడి ఉంటా."

ప్రెసిడెంటు గారు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు కాబట్టి అందరూ కొట్టారు. చప్పట్లకి నాకూ కాస్త తలకెక్కినట్టుంది. క్లౌడ్ నంబరు నుంచి ఓటు వస్తే పక్కన పడేసేలా ఓటింగు పేజీ తయారుచేశాను. ఇళ్లల్లో కూర్చుని ఫోను నొక్కే మనుషులకి క్లౌడ్ కంపెనీతో ఏం పని? పైగా తీసేసిన ఓటుకి కూడా "మీ ఓటు అందింది, ధన్యవాదాలు" అనే చూపించాను. దొరికిపోయానని తెలిస్తే మిషను ఇంకో దారి వెతుక్కుంటుంది, మా వృత్తిలో అందరం ఇలాగే చేస్తాం. షాపాయన మాట ఆ క్షణంలో గుర్తు రానేలేదు.

ఇక అత్తయ్య ప్రచారం మొదలైంది. పొద్దున్నే కాళ్లకి నొప్పుల మందు రాసుకుని మెట్లు దిగేది, ఒక్కో తలుపూ తట్టి మాట్లాడి మళ్లీ ఎక్కొచ్చేది. నాలుగో అంతస్తు నర్సమ్మా, మూడో అంతస్తు టైలరమ్మా, ఇంకా సాయంత్రం ఆవిడతో నడకకి వెళ్లే ఆడవాళ్లంతా పూర్తిగా అత్తయ్య పక్షం. వాళ్లు అంతగా అతుక్కుపోవడానికి కారణం లిఫ్టొక్కటే కాదని నాకు తర్వాత తెలిసింది.

అసలు సంగతి సీరియలు. వాళ్లంతా ప్రాణం పెట్టి చూసే సీరియలొకటుంది. సముద్రం అవతల ఏదో ఊళ్లో అది ఒక రోజు ముందే వస్తుంది. మనం ఆ ఊళ్లోనే ఉన్నట్టు ఫోనుని నమ్మించే యాప్ ఒకటి మా ఆయన వాళ్లమ్మ ఫోన్లో వేసి ఇచ్చాడు, ఇంట్లో రిమోట్ కోసం యుద్ధం లేకుండా ఉంటుందని. రేపటి కథ ఇవాళే తెలిసేసరికి అత్తయ్య నడక బృందానికి మహారాణి అయిపోయింది. ఎన్నికలనేసరికి ఆ మహారాణి దానం మొదలుపెట్టింది. గడప గడపకీ వెళ్లి, లిఫ్టు గురించి చెప్పి, చివర్లో ఫోనందుకుని ఆ యాప్ తన చేత్తో వేసిచ్చేది. "ఇది ఆపొద్దు, ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి" అని జాగ్రత్త కూడా చెప్పేది.

ఓట్ల లెక్క చెప్పే సాయంత్రం నా లాప్‌టాప్ ఒక కారు బానెట్ మీద పెట్టాను. అందరూ చుట్టూ మూగారు. అత్తయ్య ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల్లో, అప్పుడే గెలిచేసినట్టు నిలబడింది.

తీసేసిన మిషను ఓట్లు పాతిక పైనే వచ్చాయి. అవి ఎవరికి పడ్డాయో చూపించకూడదని ముందే అనుకున్నాం.

"అబ్బో! ఈ ఏడూ వచ్చాయన్నమాట. పట్టేసిందండీ కోడలు పిల్ల! శభాష్!" అన్నారు ప్రెసిడెంటు గారు. నేను సిగ్గు లేకుండా నవ్వాను.

ఆ తర్వాత అసలు లెక్క. ప్రెసిడెంటు గారికి పదిహేడు. మా అత్తయ్యకి మూడు.

నర్సమ్మ టైలరమ్మ వంక చూసింది, టైలరమ్మ ఇంకొకావిడ వంక చూసింది. ఒక్కొక్కరూ, నేను వేశాను, వీళ్లే ముంచేశారు అనుకుంటున్నారని వాళ్ల మొహాల్లోనే రాసి ఉంది. అత్తయ్య ఎవరి వంకా చూడలేదు. మెట్ల వైపు నడిచింది. ఐదంతస్తులూ ఎక్కడా ఆగకుండా ఎక్కింది. నేను వెనకాల లాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తాను.

"నా ముందు కూర్చుని నొక్కారమ్మాయ్" అంది ఇంట్లోకొచ్చి. "నవ్వుతూ నొక్కారు. ఓటు పేజీలో నా ఫొటో చూసి, బొమ్మ బాగుంది వదినా అని కూడా అన్నారు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆవిడ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ రోజు నుంచి నడకలు బంద్. సీరియలు బంద్. నర్సమ్మ పలకరించడానికి వస్తే, "నిద్రపోతున్నానని చెప్పు" అని అత్తయ్య లోపల్నించి బిల్డింగంతా వినబడేలా అరిచింది. నర్సమ్మ మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. టైలరమ్మ మెట్ల మీద ఎదురైతే అత్తయ్య గోడ మీద బల్లిని చూస్తున్నట్టు నటించింది.

అంతటితో ఆగితే బాగుండేది. కొన్నాళ్లకి ఆవిడ ఆ మూడు ఓట్లని వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"నాది ఒకటి. అమ్మాయిది రెండు. టీచరమ్మది మూడు" అంది, అన్నం ముందు కూర్చున్న కొడుకుని ఎగాదిగా చూస్తూ. "మరి నీదేదిరా?"

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అమ్మా! నీకే వేశాను. నా షాపు మీద ఒట్టు!"

"ఆ ప్రెసిడెంటు నీ షాపులో బీపీ మాత్రలు కొంటాడుగా."

"మందులు కొన్నవాళ్లందరికీ ఓట్లేస్తానా? బిల్డింగంతా నా దగ్గరే కొంటుంది!"

"అందుకే అడుగుతున్నా" అంది అత్తయ్య.

తల్లీ కొడుకులకి మాటల్లేవు. ఉప్పు కావాలన్నా నా ద్వారానే. "మీ ఆయన్ని షాపు నుంచి వచ్చేటప్పుడు సబ్బు తెమ్మను" అని మా ఆయన పక్కన నిలబడే నాతో అనేది. "తెస్తానని మీ అత్తయ్యకి చెప్పు" అని ఈయన. నా పని నాకుండగా ఈ ఇద్దరి మధ్యా కబుర్లు మోయలేక నాకు ప్రాణం విసిగిపోయింది. ఇంట్లో ఊపిరాడక ఒక మధ్యాహ్నం కూరగాయల సంచీ పట్టుకుని టీచరమ్మ ఇంట్లో దూరాను.

ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. ఆ కిటికీలోంచి కనబడేది వెనక బిల్డింగు నీళ్ల ట్యాంకులే.

"మీ అత్తయ్య నడకకి వెళ్లడం లేదట?" అంది.

మొత్తం చెప్పేశాను. కొడుకు మీద అనుమానం దాకా వచ్చిందని చెబితే ఆవిడ పకపకా నవ్వింది. నవ్వి, పాత అలవాటు కొద్దీ లెక్క సరిచూడటం మొదలుపెట్టింది.

"వాడు వేయకపోవడమేంటి, ఇక్కడే నిలబడి నాకు చూపించి మరీ వేశాడు. నువ్వూ వేశావు. నేనూ వేశాను. అక్కడికి మూడూ సరిపోయాయి." ఆగింది. "అమ్మాయ్, మరి మీ అత్తయ్య ఓటేదీ?"

నేను వేళ్లు మడిచి మళ్లీ లెక్కపెట్టాను.

"అదీగాక నర్సమ్మ ఈ మంచం మీదే కూర్చుని, ఇక్కడేనా నొక్కాల్సింది అని నన్నడిగి వేసింది. మీ అత్తయ్యకే వేసింది. నా కళ్లతో చూశాను."

సంచీ అక్కడే పడేసి ఇంట్లోకి పరిగెత్తాను. పక్కన పడేసిన ఓట్లు తెరిచాను. ప్రతి ఓటు పక్కనా నా లైబ్రరీ పొల్లు పోకుండా రాసిపెట్టింది, అడ్రసు ఫలానా క్లౌడ్ కంపెనీది, ఫలానా ఊరు. మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే ఊరు. ఒక్కటి తప్పకుండా అన్నీ మా అత్తయ్యకే.

"అత్తయ్యా, మీ సీరియలు ఏ ఊళ్లో ముందొస్తుందన్నారు?"

ఆవిడ విసుగ్గా చెప్పింది. అదే ఊరు.

"ఫోనివ్వండి ఒకసారి." ఇచ్చింది. పైన మూలగా చిన్న తాళంచెవి బొమ్మ వెలుగుతోంది. యాప్ ఆన్‌లోనే ఉంది. ఆ యాప్ వాళ్లు సముద్రం అవతలి ఊళ్లో క్లౌడ్ కంపెనీ దగ్గర కంప్యూటర్లు అద్దెకి తీసుకున్నారు. ఫోను మా ఇంట్లో ఉన్నా, ఓటు మాత్రం ఆ ఊరు చుట్టి వచ్చింది.

నేల మీద కూర్చుని ఆవిడకి అంతా విప్పి చెప్పాను. లైబ్రరీ తప్పేమీ చెప్పలేదనీ, ఆ నంబర్ల వెనక మనుషులుండరని నేనే అనుకున్నాననీ, నర్సమ్మనీ టైలరమ్మనీ అందర్నీ మిషన్లని చేసి పారేశాననీ, ఆవిడ సొంత ఓటు కూడా అందులోనే ఉందనీ చెప్పాను. నాలుగు తిడుతుందని తల దించుకున్నాను.



"అయితే వాళ్లు నాకే వేశారా?" అంది అత్తయ్య.

"మీకే. అందరూ."

"నర్సమ్మ కూడా?"

"అందరూ అత్తయ్యా."

ఆవిడ లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. మెట్లు దిగుతూ ఒక్కో తలుపూ తట్టడం నాకు పైనుంచి వినబడుతూనే ఉంది. ముందు నర్సమ్మ గొంతు, తర్వాత అత్తయ్య గొంతు, తర్వాత ఇద్దరూ కలిసి ఏడుపూ నవ్వూ. అలా ఒక్కో అంతస్తూ అయ్యేసరికి పొద్దుపోయింది. మా ఆయన షాపు మూసి వచ్చేసరికి ఆవిడే ఎదురెళ్లి, "చిక్కిపోయావురా" అని వడ్డించింది. ఆయన ఏమీ అర్థంకాక నా వంక చూసి, అడిగితే మళ్లీ ఏం ముంచుకొస్తుందోనని నోరు మూసుకుని తిన్నాడు. షాపాయనకి నేను క్షమాపణ రాశాను. ఆయన ఒక నవ్వు బొమ్మ పంపాడు.

మర్నాడు ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన నిదానంగా మొత్తం విన్నారు.

"నాకూ బాధగానే ఉందండీ. కానీ రూలు మీరు పెట్టిందే కదా. మీకు పడినా పారేయమన్నారు. అందరూ విన్నారు."

నేను ఎగిరి పడబోయాను. అత్తయ్య నా చెయ్యి నొక్కింది.

"నిజమే, నా నోటితోనే అన్నాను. మీరే ప్రెసిడెంటు" అంది. "ఒక్కటే కోరిక. మీ మొదటి మీటింగు ఐదో అంతస్తులో పెట్టండి. టీచరమ్మ మీటింగుకొచ్చి ఏడాదైంది పాపం, ఆవిడా ఓటరే కదా."

గెలిచిన మనిషికి అంత చిన్న కోరిక కాదనడానికి మనసొప్పలేదు. "దాందేముందండీ! తప్పకుండా!" అన్నారు. వాళ్లావిడ వంటింటి గుమ్మంలోంచి ఆయన్ని అదోలా చూసింది. లిఫ్టు ఎందాకా వస్తుందో ఆవిడకి గుర్తున్నట్టుంది.

మీటింగు రోజు మా వరండాలో కుర్చీలు వేశాం. టీచరమ్మ ముందు వరసలో, కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని కూర్చుంది. నడక బృందమంతా ముందే వచ్చేసింది. నాలుగింటికన్న మీటింగు. నాలుగున్నరకి కింద రెండో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆ తర్వాత మెట్ల మీద బరువైన అడుగులు వినబడ్డాయి. మూడో అంతస్తులో ఆగాయి. మళ్లీ మొదలయ్యాయి. నాలుగో అంతస్తు దగ్గర చాలాసేపు ఏమీ వినబడలేదు. "వెళ్లి చూడరా, నీ బీపీ మాత్రల మనిషిని" అంది అత్తయ్య మా ఆయనతో.

మా ఆయన భుజం పట్టుకుని ప్రెసిడెంటు గారు పైకి తేలారు. చొక్కా తడిసి ముద్దైంది. మాట్లాడదామని నోరు తెరిచారు, గాలి తప్ప ఏమీ రాలేదు. గోడకి ఆనుకుని, మంచినీళ్ల కోసం చెయ్యి పైకెత్తారు.

"చూశారా! లిఫ్టు బాగుచేయించాలని ప్రెసిడెంటు గారు చెయ్యెత్తారు!" అంది అత్తయ్య గట్టిగా. "ఇంకా ఎవరెవరు?"

వరండా అంతా చేతులు లేచాయి. టీచరమ్మ రెండు చేతులూ ఎత్తింది. ప్రెసిడెంటు గారు కాదన్నట్టు రెండో చెయ్యి కూడా ఆడించారు.

"ఆయన కూడా రెండు చేతులూ ఎత్తారమ్మాయ్, ఒకటిగానే లెక్కపెట్టు. మనకి దొంగ ఓట్లొద్దు" అంది అత్తయ్య.

నర్సమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నాడి చూసింది. టీచరమ్మ తన గ్లాసులో నీళ్లు ఆయన చేతికిచ్చింది. గ్లాసు ఖాళీ చేసి, ఆయన ఆవిడ మోకాళ్ల వంకా, తానెక్కి వచ్చిన మెట్ల వంకా చూశారు. అన్నాళ్లలో మొదటిసారి ఆయన మొహంలో సిగ్గు కనబడింది.

"ఏడాది నుంచీ ఇదేనా అమ్మా?" అన్నారు.

"ఏడాది నుంచీ ఇదే బాబూ" అంది టీచరమ్మ.

ఆ వారంలోనే మెకానిక్కులు వచ్చారు. నాలుగు రోజులు గోడల్లోంచి సుత్తి దెబ్బలు వినబడ్డాయి. ఒక సాయంత్రం ఐదో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది. టీచరమ్మ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో అత్తయ్య చెయ్యి పట్టుకుని లోపలికి అడుగుపెట్టింది. రెండో అంతస్తు దగ్గర లిఫ్టు కొంచెం వణికితే ముగ్గురం ఊపిరి బిగబట్టాం. అది ఆగకుండా దిగింది.

గేటు పక్కన సిమెంటు బెంచీ మీద ఆవిణ్ణి కూర్చోబెట్టాం. నడక బృందం చుట్టూ చేరింది. ఆవిడ రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ఎదురుగా సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద ఆవిడ చూపు నిలిచిపోయింది.

"దానికి ఆకుపచ్చ రంగు ఎప్పుడేశారు?" అంది.

అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే, టైలరమ్మ మాట మార్చడానికి, "వదినా, రేపటి ఎపిసోడ్‌లో ఏమవుతుందో చెప్పవూ" అంది.

అత్తయ్య ఫోను తీసి నా చేతిలో పెట్టింది. "ఆ యాప్ తీసేయ్ అమ్మాయ్. రేపటిది రేపే చూద్దాం, టీచరమ్మ కూడా వస్తుంది" అంది ముక్కు తుడుచుకుంటూ. "వచ్చే ఏడు నా ఓటు ఈ బెంచీ మీద నుంచే పడాలి."